ఎడమ స్క్రూ అర చుట్టు

చిరంజీవి పానాకి నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. మేమంతా అంటే పెద్ద జనాభా ఏమీ కాదు. నేను, రెండిళ్ళ అవతల మీ పిన్ని, షెడ్డు రేకుల కింద కాపురం పెట్టిన గోధుమరంగు పిల్లి. దానికి మొన్న మూడు పిల్లలు పుట్టాయి కాబట్టి ‘మేమంతా’ అని రాయడానికి ఇప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది.

నీకు ముప్పై దగ్గరపడుతున్నా ఇంకా పానా ఏమిటని మీ పిన్ని విసుక్కుంటుంది. నడక రాకముందే పన్నెండో నంబరు పానా నోట్లో పెట్టుకుని, రాని పళ్ళతో కొరికినదానివి. ఆ పేరు నేను పెట్టలేదు, నువ్వే తెచ్చుకున్నావు.

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. ఇంతకాలం జవాబు లేదేమిటని కంగారు పడి ఉంటావు. నాలుగుసార్లు రాయడానికి కూర్చున్నాను. నాలుగుసార్లూ వానల సంగతి, నా మోకాలి సంగతి రాసి చించేశాను. ఈసారి చించకూడదని పట్టుబట్టి, షెడ్డు మూసేసి, పని బల్ల మీద కూర్చున్నాను. కాగితం మీద గ్రీజు మరకలుంటే ఏమీ అనుకోకు. మీ అమ్మ ఉండగా చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించి గానీ కలం ఇచ్చేది కాదు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. భోజనానికి లోటు లేదు, రెండు పూటలా మీ పిన్నే పంపిస్తోంది. అన్నిట్లో ఉప్పు తగ్గించేసింది. నాకు రక్తపోటు లేదు, ఆవిడకుంది. ఒకే గిన్నెలో వండుతుంది కాబట్టి ఇద్దరికీ ఒకటే జబ్బని తేల్చింది. మోకాలు కింద కూర్చునేటప్పుడు మొరాయిస్తుంది, లేచేటప్పుడు తిడుతుంది, మధ్యలో బాగానే ఉంటుంది. షెడ్డుకి పని వస్తోందా అని అడిగావు. వస్తోంది గానీ, వచ్చిందే మళ్ళీ వస్తోంది. బేకరీ ఆయన తన పాత బండిని రెండు నెలల్లో మూడుసార్లు వెనక్కి తెచ్చాడు. మంచి మనిషి, గట్టిగా మాట అనడు. “మేస్త్రీ, మీరు చెప్పినట్టే పెట్రోలు బంకు మార్చాను. అయినా నిలబెడితే ఊగిపోతోంది” అన్నాడు తల గోక్కుంటూ. నేను ఆ రెండో బంకునీ తిట్టి పంపించాను. పిన్నికి నీ మీద కోపం తగ్గిందా అని కూడా అడిగావు. ఆ సంగతి కింద రాస్తాను, తప్పించుకోను.

ఇక అసలు విషయం. మన సైడుకారు బండి అమ్మేయమని రాశావు. ‘ఇంకా ఎవరికోసం దాచావు నాన్నా, నాకోసమైతే వద్దు. ఆ సైడుకారు తలుచుకుంటే నా చేతుల్ని చూసుకోబుద్ధి కాదు’ అన్నావు. దాని కింద ఇంకో నాలుగు ముక్కలు రాశావు. మీ పంపుహౌసులో ఎవరో పెద్దాయన తన పాత రెండు సిలిండర్ల బండి యాక్సిలరేటరు వదిలితే స్లోలో ఆగిపోతోందని, కాస్త చూడమ్మా అని నీ దగ్గరికి తెస్తే, నాకు ఆ పని రాదని చెప్పి పంపించేశానన్నావు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను పానా. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. పద్నాలుగేళ్ళకి కార్బరేటరు విప్పి, బిగించి, ఒక్క వాషరు కూడా మిగలకుండా నా ముందు పెట్టిన పిల్ల, ఆ పని రాదని చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఒక్కణ్ణే ఉన్నాను కాబట్టి సిగ్గుపడకుండా ఏడ్చాను.

సరే, నువ్వు చెప్పావు కదా అని అమ్మడానికే సిద్ధమయ్యాను. మూడేళ్ళుగా టార్పాలిన్ కింద ఉన్నదాన్ని బయటికి తీశాను. ట్యాంకులో పెట్రోలు జిగురైపోయింది. ట్యాంకు కడిగి, కార్బరేటర్ల కింది గిన్నెలు విప్పి, సన్న జెట్లు బ్రష్షు వెంట్రుకతో శుభ్రం చేశాను. తీగ పెట్టలేదు, కన్నం పెద్దదవుతుందని నువ్వే నన్ను కసిరేదానివి కదా. స్లో స్క్రూలు మాత్రం ముట్టుకోలేదు. మీ అమ్మను తీసుకెళ్ళిన రోజు తర్వాత వాటిని ఎవరూ కదపలేదు, అవి అలాగే ఉండాలనిపించింది. ఎందుకనిపించిందో అప్పుడు నాకు తెలియదు.

కొనడానికి వచ్చింది డ్రాయింగు మాస్టారు. రిటైరై ఊరికే కూర్చోలేక, భార్యను సైడుకారులో కూర్చోబెట్టుకుని తిరగాలని ఆయనకి ముచ్చట. ఏడో కిక్కుకి ఇంజను అందుకుంది. యాక్సిలరేటరు వదిలేసి నిలబెట్టాను. ఆయన ట్యాంకు మీద చెయ్యి పెట్టి, “మేస్త్రీ, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోందేమిటండీ?” అన్నాడు. పాతబండి కదా, మూడేళ్ళ నిద్ర కదా అని ఏదో చెప్పాను. ఆయన మర్యాదస్తుడు. “వణుకు తగ్గాక కబురు పెట్టండి” అని వెళ్ళిపోయాడు. వెళ్తూ సైడుకారు సీటును ఒకసారి తడిమి చూసుకున్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఈ ఊళ్ళో నన్ను చెవి మేస్త్రి అంటారు. నీకు తెలియనిది కాదు, అయినా రాయాలి, ఎందుకంటే మొత్తం గొడవంతా అక్కడే ఉంది. రెండు సిలిండర్లకి రెండు కార్బరేటర్లు. రెండూ సమానంగా గాలి పీలిస్తేనే స్లో నిలబడుతుంది. బల్లను ఇద్దరు మోస్తున్నప్పుడు ఒకడు ఎక్కువ ఎత్తితే రెండోవాడు తడబడతాడు, అంతే. మిగతా మేస్త్రీలు ఒకే గొట్టం పెట్టుకుని ముందు ఒకదాన్నీ తర్వాత రెండోదాన్నీ వింటారు. నేను రెండు రబ్బరు గొట్టాలు పెట్టుకుని, ఎడమ కార్బరేటరు ఎడమ చెవిలో, కుడిది కుడి చెవిలో, రెండూ ఒకేసారి వినేవాణ్ణి. రెండు చప్పుళ్ళూ కలిసి సరిగ్గా నడినెత్తిలో కూర్చుంటే సమానమైనట్టు. ముప్పై ఆరేళ్ళు అలాగే చేశాను. దూరాల నుంచి బళ్ళు తోసుకుంటూ వచ్చేవాళ్ళు. నువ్వు ఆ చెక్కపలక తయారు చేసినప్పుడు నాకు మండింది అందుకే.

పలక మీద పారదర్శకంగా ఉన్న పొడుగాటి గొట్టాన్ని వంచి మేకులు కొట్టి, సగం దాకా నూనె పోసి, రెండు కొసలూ రెండు సిలిండర్లకి తగిలించావు. ఏది ఎక్కువ లాగితే నూనె అటు ఎక్కుతుంది, రెండూ సమానమైతే మట్టంగా నిలుస్తుంది అని చెప్పావు. “బండికి సెలైను ఎక్కిస్తున్నావా?” అన్నాను. మీ అమ్మ పడీపడీ నవ్వింది. నువ్వూ నవ్వావు గానీ, “నాన్నా, ఒక్కసారి నీ చెవిదీ దీనిదీ పోల్చి చూద్దాం” అన్నావు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరం ఉండేది కాదు.

మాస్టారు వెళ్ళాక పంతం పట్టి మొదటి నుంచి మొదలుపెట్టాను. కొత్త ప్లగ్గులు వేశాను. పాయింట్లు రుద్దాను. ట్యాపెట్ల సందు చూశాను, సరిగ్గానే ఉంది. కార్బరేటరుకీ సిలిండరుకీ మధ్య రబ్బరు పగిలి దొంగగాలి లాగుతోందేమోనని చుట్టూ నూనె చుక్కలు వేసి చూశాను, ఇంజను పలుకు మారలేదు. రెండు కేబుళ్ళలోనూ వదులు ఒకేలా ఉంది. అప్పుడు స్టార్టు చేసి, రెండు సైలెన్సరు గొట్టాల మీదా నీళ్ళు చల్లాను. ఎడమ గొట్టం మీద చుయ్యిమని ఆవిరైపోయాయి. కుడి గొట్టం మీద అలాగే జారి కింద పడ్డాయి. కుడి సిలిండరు స్లోలో పనే చేయడం లేదు.

గొట్టాలు తెచ్చి చెవుల్లో పెట్టుకున్నాను. చప్పుడు సరిగ్గా నడినెత్తిలో ఉంది. ఇంతకన్నా సమానం ఇంకేముంటుంది అనిపించేలా ఉంది. కానీ కళ్ళ ముందు బండి వణుకుతోంది, కుడి గొట్టం చల్లగా ఉంది.

తర్వాత లేచి, బీరువా వెనక నుంచి నీ పలక తీశాను. బూజు దులిపాను. నూనె ఎండిపోతే కొత్తది పోశాను. నువ్వు చూపించినట్టే ఆ చిన్న ఇత్తడి మూతలు విప్పి కొసలు తగిలించి స్టార్టు చేశాను. నూనె కుడివైపుకి జరజరా ఎక్కిపోయింది, ఇంజనులోకి వెళ్ళిపోతుందని భయపడి ఆపేశాను. గాలిదారి మూసుకున్న వైపే సిలిండరు గట్టిగా లాగుతుంది కదా, అంటే కుడిది దాదాపు మూసుకుపోయి ఉంది, ఎడమది అవసరానికి మించి తెరుచుకుని ఉంది. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. రాకపోయినా బాగుండేది. చెవుల్లో గొట్టాలను అటుదిటూ ఇటుదటూ మార్చి పెట్టుకున్నాను. కుడి చెవిలో హోరు. ఎడమ చెవిలో దాదాపు ఏమీ లేదు. కార్బరేటర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి పానా. మారింది చెవులే.

మర్నాడు మీ పిన్ని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ చాలాకాలంగా నా కుడిపక్కనే కూర్చుని మాట్లాడుతోందట, నాకు తెలియనే లేదు. డాక్టరు చిన్న గాజుగదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నాడు. ఎడమ చెవి పరీక్షలో నేను బొత్తాం పట్టుకుని ఊరికే కూర్చున్నాను. పరీక్ష ఇంకా మొదలవలేదనుకున్నాను. బయటికి వచ్చాక, ఎడమది సగానికి పైగా పోయిందని చెప్పాడు. “ఎప్పటి నుంచండీ?” అని అడిగాను. “ఇది నిన్నా మొన్నా పోయింది కాదు. ఐదారేళ్ళుగా కొంచెం కొంచెంగా పోతూ ఉండాలి. కొద్దికొద్దిగా పోయింది కాబట్టి మీకు అలవాటైపోయింది” అన్నాడు.

ఐదారేళ్ళు. మీ అమ్మ పోయి మూడేళ్ళు.

ఇప్పుడు ఆ రోజు గురించి రాస్తాను. నువ్వు ముందు రోజు సాయంత్రం నీ పలకతో స్లో సెట్ చేశావు. నేను భోజనం చేస్తూ, “చూద్దాంలే” అన్నాను. పొద్దున ఆరింటికి నువ్వింకా నిద్రలో ఉండగా షెడ్డులోకి వెళ్ళి స్టార్టు చేసి గొట్టాలు పెట్టుకున్నాను. ఎడమది తక్కువగా వినిపించింది. నాకు సంతోషమేసింది, అబద్ధమెందుకు. పిల్ల పలక ఓడిపోయింది, నా చెవి గెలిచింది అనుకున్నాను. గాలి పెరగాలని ఎడమ స్క్రూ అర చుట్టు బిగించి, స్లో ఎక్కువైందని కుడిది పిసరంత వదిలాను. చప్పుడు నడినెత్తిలోకి వచ్చింది. నీకు చెప్పలేదు. రెండు రోజులు తిప్పాక, చూశావా ఎంత మెత్తగా ఉందో, అది నేను పెట్టింది అని చెప్పి ఏడిపిద్దామనుకున్నాను. అంతే, నిన్ను ఏడిపిద్దామనే.

పదిగంటలకి మీ అమ్మ ఛాతీ పట్టుకుని వంటింటి గడపలో కూర్చుండిపోయింది. ఆసుపత్రి వ్యాను రావడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. నువ్వు ఒక్క క్షణం ఆలోచించకుండా ఆమెను సైడుకారులో కూర్చోబెట్టి దుప్పటి చుట్టావు. నేను వెనక ఎక్కి ఆమె భుజం పట్టుకున్నాను. మొదటిసారి కలప మిల్లు మలుపులో ఆగింది. రెండోసారి రైలు గేటు దగ్గర. మూడోసారి వంతెన ఎక్కేటప్పుడు ముందు లారీ అడ్డొచ్చి నువ్వు యాక్సిలరేటరు వదలగానే ఆగి, ఇక అందుకోలేదు.

ఆ తర్వాతది నీకు ప్రతి రాత్రీ గుర్తొస్తుందని రాశావు. నాకు పగలూ గుర్తొస్తుంది. నువ్వు కిక్కు కొట్టి కొట్టి, దిగి, నా వైపు తిరిగి అడిగావు. “నాన్నా, దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?”

నేను “లేదు” అన్నాను.

ఎందుకన్నానో మూడేళ్ళుగా వెతుక్కుంటున్నాను. ముట్టుకున్నానంటే ఆగిపోవడం నా చేతిదవుతుంది. నా చేతిది తప్పు కాదని నాకు నమ్మకం. కాబట్టి చెప్పినా ఉపయోగం లేదు, ఊరికే మాట పడటమే. ఇంత ఆలోచన ఆ ఒక్క క్షణంలో ఎలా పట్టిందో తెలియదు గానీ పట్టింది. ఎవరూ ముట్టుకోలేదంటే స్లో నువ్వు పెట్టినచోటే ఉందన్నమాట. అందుకే నువ్వు ఆ స్క్రూల వైపు చూడలేదు. పెట్రోలు కుళాయి చూశావు, వైరు చూశావు, కాలుతున్న ప్లగ్గును ఒట్టిచేత్తో విప్పి, వేళ్ళు బొబ్బలెక్కుతుంటే చొక్కా అంచుతో తుడిచావు. నేను ఒక్క మాట చెప్పి ఉంటే, ఎడమ స్క్రూ అర చుట్టు వెనక్కి తిప్పమని చెప్పి ఉంటే, నీకు అర నిమిషం పని. దారినపోయే కారు ఒకటి ఆగి మనల్ని ఎక్కించుకునేసరికి ఆ వంతెన మీద పదహారు నిమిషాలు గడిచాయి. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను.

ఆ పదహారు నిమిషాలు మిగిలి ఉంటే మీ అమ్మ బతికేదా అని కిందటి వారం ఆసుపత్రికి వెళ్ళి, ఆ రోజు ఆమెను చూసిన డాక్టరునే అడిగాను. ఆయనకి నేను గుర్తు లేను, చీటీలు తీయించి చూశాడు. “బతకొచ్చు, బతక్కపోవచ్చు. ఎవరూ చెప్పలేరు పెద్దాయనా” అన్నాడు. ఆ మాట నీకూ చెబుతున్నాను, కలిపిందీ తీసిందీ ఏమీ లేదు.

ఆసుపత్రి వరండాలో నేను నీతో ఏమన్నానో మళ్ళీ రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను, దాన్ని నేను మర్చిపోయాననుకోకూడదు నువ్వు. “పలకని నమ్ముకున్నావు, నా చెవిని నమ్మలేదు. ఇప్పుడు చూడు” అన్నాను. అప్పుడే వచ్చిన మీ పిన్ని అది విన్నది. ఆ మాటే పట్టుకుని తన అక్కని కన్నకూతురే దూరం చేసిందని మూడేళ్ళు నిన్ను కళ్ళెత్తి చూడలేదు, నీ ఉత్తరాలు చదివి వినిపిస్తే లేచి వెళ్ళిపోయేది. నువ్వు పదిహేను రోజుల తర్వాత ఎక్కడో దూరాన ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోతుంటే బస్సు దాకా వచ్చి నీ పెట్టె పైకి అందించాను. అప్పుడు కూడా చెప్పలేదు.

పిన్నికి పది రోజుల కిందట చెప్పేశాను. గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోతుంటే కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆవిడ తిట్టలేదు, తిడితే బాగుండేది. లేచి వెళ్ళి నాలుగు రోజులు రాలేదు, భోజనమూ రాలేదు. ఐదో రోజు మళ్ళీ గిన్నెతో వచ్చి గుమ్మంలోనే నిలబడి, “అమ్మాయికి రాశారా బావగారూ?” అంది. రాస్తున్నానన్నాను. “అది పోస్టు చేశాక నాతో మాట్లాడండి. ఆ పిల్ల ఎదురుపడితే నేను ఏ మొహం పెట్టుకోవాలో ఇప్పుడు నేను ఆలోచించుకోవాలి” అంది. నీ మీద ఆవిడకి కోపం లేదు పానా. ఉన్నదంతా ఇటు మారింది, మారాల్సిన చోటికే మారింది.

ఇంకొకటి. పోయిన మంగళవారం నీ పలక పెట్టి, నూనెను కళ్ళతో చూస్తూ, ఎడమది అర చుట్టు వదిలి, కుడిది పిసరంత బిగించాను. అంటే ఆ రోజు పొద్దున నేను చేసినదాన్ని సరిగ్గా వెనక్కి తిప్పాను. నూనె మట్టంగా నిలబడిపోయింది. ఇక ఏ సవరణా అక్కర్లేకపోయింది. ఆ సాయంత్రం నువ్వు పెట్టిన స్లో సరిగ్గా ఉంది. మూడేళ్ళ తర్వాత కూడా సరిగ్గా ఉంది. బండి గంటసేపు ఆడింది, ట్యాంకు మీద గ్లాసులో నీళ్ళు పెడితే చిందలేదు. నీకు ఆ పని రాదని ఇంకెవరితోనూ అనొద్దు. ఆ పంపుహౌసు పెద్దాయన బండి చూసిపెట్టు. బేకరీ ఆయనకి నా చెవి సంగతి చెప్పి, పలకతో సరిచేసి ఇచ్చాను. బండి నీది, అమ్మమంటే మాస్టారికి ఇచ్చేస్తాను, వద్దంటే ఉంచుతాను. నువ్వు చెప్పేదాకా ఎవరికీ మాట ఇవ్వను.

క్షమించమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అడిగితే నువ్వు జాలిపడి సరే అంటావు, నీ గుణం నాకు తెలుసు. అందుకే అడగను. జవాబు రాయాలనిపించకపోతే రాయకు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కలం కింద పెట్టి లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. ఒకటి మిగిలింది, దాన్ని పిన్నికి కూడా చెప్పలేదు.

ఆసుపత్రిలో మీ అమ్మ పక్కన మొదట నేనొక్కణ్ణే ఉన్నాను, నువ్వు బయట వరండాలో ఉన్నావు. ఆమె స్పృహలోనే ఉంది. ముక్కు మీది గొట్టం పక్కకి జరిపి, “పొద్దున మీరు స్క్రూలు తిప్పడం వంటింట్లోంచి చూశాను” అంది. “వంతెన మీద పిల్ల అడిగితే లేదన్నారేమండీ?” అంది. కోపంగా అనలేదు, నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది. నేను తల దించుకున్నాను. “అది తన తప్పే అనుకుంటుంది. బయట ఒక్కతే ఉంది. వెళ్ళి చెప్పి రండి” అంది. సరేనని లేచాను.

చెప్పాలనే బయటికి వచ్చాను పానా, నమ్మితే నమ్ము. నువ్వు లేచి నిలబడి, కాలిన వేళ్ళు చొక్కా అంచులో దాచుకుని, “నా వల్లే కదా నాన్నా” అన్నావు. ఆ మాట నా నోటికి దారి చూపించింది. అవునన్నట్టుగా నేనన్న ఆ పలక మాట నువ్వు విన్నావు.

మళ్ళీ లోపలికి వెళ్ళాను. “చెప్పారా?” అని అడిగింది మీ అమ్మ. చెప్పానన్నాను. “ఏమంది?” అంది. “ఏడుపు ఆపేసింది” అన్నాను. ఆమె నా చేతి మీద రెండుసార్లు తట్టి, “మంచి పని చేశారు” అని కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు మళ్ళీ తెరవలేదు.

ఇట్లు,
ఒకే గంటలో మీ అమ్మకీ నీకూ అబద్ధం చెప్పిన
మీ నాన్న